మెడకు అస్తరు

చీనీకాయలు, అంటే బత్తాయిలు, పండే జిల్లాలో పుట్టి కూడా, ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఒక్క చీనీకాయ దక్కదు. ఇది నా పాత ఫిర్యాదు. మంచి కాయలన్నీ లారీలెక్కి ఎక్కడికో పోతాయి. మిగిలినవి బస్టాండు ముందర తోపుడుబండ్ల మీద, ఆసుపత్రికి పోయేవాళ్ళ కోసం కాచుకొని ఉంటాయి. ఊరికే తినాలనిపించి కొంటే, బండి ఆయన తూకం వేస్తూ "బాగలేనిది ఎవరికన్నా?" అని అడుగుతాడు. నాకే తినాలనిపించిందంటే, ఇంకో కాయ ఎక్కువ వేసి జాలిగా చూస్తాడు.

పోయిన ఏడాది నాకు ఆ యోగం పట్టింది. సంచులకొద్దీ.

బుక్కరాయసముద్రంలో మా వీధి చివర ఒక సెలూన్ ఉంది. నడిపే ఆయన నా ఈడువాడే. నన్ను అన్నా అంటాడు, నేనూ ఆయన్ను అన్నా అంటాను. ఎవరు పెద్దో తేల్చుకొనే ఉద్దేశం ఇద్దరికీ లేదు. కటింగు అయినాక ఆయన ఒక చేయి గడ్డం కింద, ఒక చేయి నడినెత్తిన పెట్టి మెడను ఒక్క విసురున ఈ పక్కకు, ఆ పక్కకు తిప్పుతాడు. టక్కుమంటుంది. దానికి వేరే దుడ్లు లేవు. ఆ శబ్దం రాకపోతే కటింగు పూర్తయినట్లు మా వీధిలో ఎవరూ ఒప్పుకోరు. నేను అనంతపురంలో కాలేజీ లెక్చరర్ని. అర్థశాస్త్రం. ఉచితమని చెప్పే ప్రతిదానికీ ఎవరో ఒకరు ఖర్చు భరిస్తారని పిల్లలకు ఏటా చెప్తాను.

ఒకరోజు అట్లా తిప్పినప్పుడు, ఎడమ పక్క టక్కుమన్నాక మెడలో ఏదో సన్నగా గుంజింది. మరుసటి రోజుకు నొప్పి చెవి దాకా ఎక్కింది. బామ్ పూసినాను. ఉప్పు కాపడం పెట్టినాను. తగ్గలేదు. అప్పుడు బాగా చదువుకున్నవాడు చేసే పనే చేసినాను. మళ్ళా సెలూనుకే పోయినాను.

"పట్టేసిందన్నా," అన్నాను.

ఆయన మెడ తడిమి చూసి, "ఎడమకు పట్టింటే కుడికి గట్టిగా తిప్పితే వదుల్తుందన్నా," అన్నాడు.

ఇందులోని తర్కం నాకు నచ్చింది. తిప్పినాడు.

ఆ సాయంత్రం నుంచి ఎడమ చెవిలో శబ్దం మొదలైంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఒక హోరు, బోరు మోటారు ఆడుతున్నట్లు. ఎంత లోతు వేసినా నీళ్ళు పడని జిల్లాలో, నా చెవిలో మోటారు ఆడుతోందంటే మొదట గర్వంగానే అనిపించింది. తర్వాత ఎడమ కనురెప్ప సగానికి వాలింది. క్లాసులో అటెండెన్సు తీసుకుంటుంటే, నేను కన్ను కొడుతున్నాననుకొని వెనక బెంచీ నవ్వింది. ఇంట్లో నా భార్య నవ్వలేదు.

"కన్నేమయింది?"

"అలిసిపోయింటుంది."

"ఒక కన్నే అలిసిపోయిందా? లేయి, పోదాం."

ధర్మవరంలో మగ్గాల ఇంట్లో పుట్టిన మనిషి. పట్టుచీరలో ఒక్క పోగు తెగినా దూరం నుంచే కనిపెడుతుంది. మొగుడి ముఖంలో రెప్ప వాలితే వదిలిపెడుతుందా.

అనంతపురంలో డాక్టరు మమ్మల్ని నవ్వుతూనే పిలిచి, స్కాను చూసినాక నవ్వడం మానేసినాడు. మెదడుకు పోయే పెద్ద రక్తనాళం మెడలో పగిలిందట. బయటికి పొంగిన రక్తాన్ని చుట్టూ ఉన్న కండ ఎట్లో పట్టుకొని ఉందట. టైరు చినిగిన చోట ట్యూబు బుడ్డగా ఉబుకుతుంది కదా, అట్లా.

"ఎప్పుడైనా పేలొచ్చు. పేలితే ఆసుపత్రి దాకా పోయే టైము కూడా ఉండదు. ఇప్పుడే బెంగళూరు పోండి. మెడ మాత్రం కదిలించొద్దు," అన్నాడు.

అంబులెన్సులో వెల్లకిలా పండుకొని, ప్రతి స్పీడు బ్రేకరుకూ ఒకసారి వీడ్కోలు తీసుకున్నాను. నా భార్య దారి పొడుగునా నా తలను రెండు చేతులతో పట్టుకొనే కూర్చునింది.

"చేతులు నొప్పి లేస్తాయి. కాసేపు వదులు," అన్నాను.

"నోరు కూడా కదిలించొద్దన్నాడు డాక్టరు."

ఆయన అట్లా అనలేదు. కానీ ఆ సంగతి చెప్పేకి నోరు కదిలించాల.

బెంగళూరు డాక్టరు కన్నడమూ తెలుగూ కలిపి మాట్లాడే చిన్న వయసు మనిషి. మెడ కోసే పని లేదన్నాడు. తొడ మొదట్లో చిన్న రంధ్రం చేసి, రక్తనాళం లోపలే సన్నటి తీగను కడుపులోంచి, గుండె మీదుగా మెడ దాకా పంపిస్తారట. ఆ తీగ మీదనే, గుడ్డ తొడిగిన చిన్న జల్లెడ గొట్టాన్ని తీసుకుపోయి పగిలిన చోట విప్పుతారట. ఇంక రక్తం ఆ గొట్టంలో పడి పోతుంది, చినుగు బయటనే ఉండిపోతుంది.

"అంటే లోపల అస్తరు వేస్తారు," అనింది నా భార్య.

"అస్తర్ అంటే?"

"జాకెట్టుకు లోపల వేస్తాం కదా సార్, చినగకుండా."

డాక్టరు కొంచెం ఆలోచించి, "అదే అమ్మా," అన్నాడు.

"గుడ్డ మంచిదేనా? ముడుచుకుపోదు కదా?"

"పోదమ్మా."

"ఈయన మళ్ళా మాట్లాడతాడా?"

ఎక్కువమందికి బాగానే అవుతుందన్నాడు. కొందరికి మాత్రం గడ్డకట్టిన రక్తం ముక్క మెదడుకు ఎగిరి, మాటో చేయో పడిపోవచ్చన్నాడు. నేను మాట మీద బతికేవాణ్ణి. ఏదైనా ఒక జోకు వేద్దామని చూసినాను. ఒక్కటీ తట్టలేదు.

"చేయండి సార్," అనింది నా భార్య.

మత్తు తొడ దగ్గర మటుకే ఇచ్చినారు. నాళాలు కనిపించేకి మందు ఎక్కిస్తే ఎడమ చెంప, కన్ను భగ్గుమన్నాయి, మే నెల మధ్యాహ్నం తాడిపత్రి బస్సులో కిటికీ పక్కన సీటు దొరికినట్లు. తీగ పైకి పోతున్న సంగతి నాకేమీ తెలియలేదు. మాట నిలిచి ఉందో లేదో చూసేకి డాక్టరు నన్ను మాట్లాడిస్తూనే ఉన్నాడు.

"కుడి చేయి ఎత్తండి. ఏ ఊరు మీది?"

"బుక్కరాయసముద్రం."

"సముద్రం ఉందా?"

"చెరువు సార్. నీళ్ళుంటే."

"నవ్వించొద్దు. నా చేయి కదుల్తుంది."

అంతలో చెవిలో హోరు ఆగిపోయింది, ఎవరో ఫ్యూజు పీకినట్లు.

"ఏమైనా తేడా తెలుస్తోందా?"

"బోరు ఎండిపోయింది సార్."

ఆయనకు అర్థం కాలేదు. తెర వైపు చూసి, బుడ్డలోకి రక్తం పోవడం ఆగిందన్నాడు. బోరు ఎండిపోతే సంతోషపడినవాడు మా జిల్లాలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

బయటికి తెచ్చినాక నా భార్య వంగి నా మెడను రెండు పక్కలా చూసింది.

"మాట్లాడు," అనింది.

"ఏం మాట్లాడల్ల?"

"చాలు."

కొంగుతో ముఖం తుడుచుకొని క్యాంటీనుకు పోయింది. ముందు రోజు నుంచి ఏమీ తినని మనిషి, మసాలా దోసె తిని, ఇంకొకటి చెప్పి, అదీ తిని వచ్చింది. చట్నీ బాగలేదట. ఆ ఫిర్యాదు విన్నాక నేను బతికినానని నాకు నమ్మకం కలిగింది.

ఇంటికొచ్చినాక చీనీకాయలు మొదలైనాయి. మా వైపు రోగిని చూసేకి వచ్చినవాళ్ళకు కుట్లు చూపించడం మర్యాద. సంచి చేతికిస్తారు, కుట్లు చూస్తారు, తమ కుట్లతో పోల్చుకొని తృప్తిగా పోతారు. నా దగ్గర చూపించేకి ఏమీ లేదు. ఉన్న ఒక్క చుక్కంత మచ్చ పదిమందికి చూపించే చోట లేదు.

"యాడప్పా కుట్లు?" అనింది పెద్దమ్మ, కళ్ళద్దాలు సర్దుకొని.

"కుట్లు లేవు పెద్దమ్మా. తొడలోంచి పోయినారు."

"మెడ బాగలేకపోతే తొడలో వాళ్ళకేం పని?"

"అదే దారంట."

ఆమె తెచ్చిన సంచి వైపు ఒకసారి చూసుకొనింది. వెనక్కి తీసుకోలేదు గానీ, ఆ ఆలోచన వచ్చినట్లే ఉండింది.

చివరికి సెలూన్ ఆయన వచ్చినాడు. వీధంతా పాకిన మాట ఆయన చెవినా పడింది. సంచి గడప దగ్గరే పెట్టి నిలబడినాడు.

"నా చేతులతోనే కదన్నా."

"మొదటిసారి నీ చేతులు. రెండోసారి నా చదువు," అన్నాను.

ఆయన నవ్వలేదు. ఇంగ ఎవరికీ మెడ తిప్పనని చెప్పేసినాడట. అలిగినవాళ్ళు మెయిన్ రోడ్డు సెలూనుకు పోతున్నారట. "పోతే పోనీ," అన్నాడు. తర్వాత నా ముఖం చూసి, "గడ్డం ఇట్ల పెంచుకొని కూర్చున్నావేమన్నా, ఈడనే చేసిపోతా," అన్నాడు.

వరండాలో కుర్చీ వేసినాము. నా భార్య తలుపు దగ్గర నిలబడి చీనీకాయ ఒలుస్తూ ఉంది. ఆయన నా తలను కోడిగుడ్డు పట్టుకున్నట్లు పట్టుకొని గీసినాడు. పటిక రుద్దినాడు. తువ్వాలు దులిపినాడు. చెరువు మీదనుంచి గాలి చల్లగా వస్తోంది. చెవిలో ఏ శబ్దమూ లేదు. సుఖానికి కళ్ళు మూతపడినాయి. తల దానంతట అదే కొంచెం వెనక్కి వాలి, అలవాటైన చోటికి పోయి నిలబడింది. గడ్డం కింద ఒక చేయి, నడినెత్తిన ఒక చేయి వచ్చి ఆనుకున్నాయి.

ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. ఇద్దరమూ కదల్లేదు.

"తిప్పులే అన్నా," అనింది నా భార్య. "చీనీకాయలు ఇంగా అర్ధ సంచి ఉండాయి."