వేలెత్తిన పోచయ్య

పోచయ్యకు బాలానగర్ కార్ఖానాలో సమ్మెట మోతకు చెవుడు వచ్చింది. ఆ జీతంతోనే కూతురు భూలక్ష్మిని మైసూరు పంపి, వినికిడి పరీక్షలు చేసే చదువు చదివించాడు. 1976లో ఆమెకు దవాఖానలో ఉద్యోగమైంది. తండ్రికి కాస్త వినికిడి మిగిలి ఉన్నా చాలు, చెవి మిషన్ పెట్టి తన గొంతు వినిపించాలని ఆమె ఆశ.

ఒకరోజు తండ్రిని దవాఖానకు తీసుకెళ్లి, పరీక్ష యంత్రం ముందు కూర్చోబెట్టింది. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, “సప్పుడు ఇనబడితే వేలెత్తు నాయినా,” అని సైగ చేసింది.

చప్పుడు పంపే మీట ఆమె నొక్కినప్పుడల్లా పోచయ్య వేలెత్తాడు. ఆమె పొంగిపోయింది. అంతలో, ఆయన చూపు తన చేతి మీదే ఉందని గమనించింది. యంత్రం ఆపేసి ఉత్తుత్తిగా మీట నొక్కింది. ఆయన మళ్లీ వేలెత్తాడు.

“మస్తుగ ఇనబడుతుంది బిడ్డా. నీ సదువు ఉత్తగ పోతదా?”

హెడ్‌ఫోన్లు తీసి, వెనక నిలబడి గట్టిగా “నాయినా!” అంది. పోచయ్య మీటవైపే చూస్తూ, వేలు సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నాడు.