బూదికోటలో పురుగుల డాక్టరు ఉద్యోగం

అడగకుండా వచ్చిన ఉద్యోగాన్ని నేను నమ్మను. పట్టుపురుగుల రోగాల మీద డాక్టరేట్ పూర్తయి రెండేళ్ళవుతోంది. ఇన్నాళ్ళలో నన్ను పిలిచినవాళ్ళు తక్కువ, 'చూసి చెప్తాం' అన్నవాళ్ళు ఎక్కువ. పోస్ట్‌డాక్ అంటే ఇంకో ప్రొఫెసరు దగ్గర మళ్ళీ శిష్యరికం. గెస్ట్ లెక్చరర్ అంటే సెలవుల్లో జీతం లేని కొలువు. ప్రభుత్వ పరిశోధనా కేంద్రంలో ఒక్క కుర్చీ ఖాళీ అయితే దేశమంతా వరసలో నిలబడుతుంది. అలాంటప్పుడు కె.జి.ఎఫ్.లోని ఒక మందుల కంపెనీ ఇంటర్వ్యూ కూడా లేకుండా 'ప్రధాన శాస్త్రవేత్తగా రండి, ముందు మా పని చూసిపోండి' అని ఫోన్ చేస్తే, సంతోషం కంటే ముందు అనుమానం వచ్చింది. అయినా బయల్దేరాను. ఇంటి అద్దెకు నా అనుమానాలతో పనిలేదు కదా.

పొద్దున ఆరింటికి తిరుపతిలో బస్సెక్కి పలమనేరులో దిగాను. ఇడ్లీ తింటూ, చట్నీ ఇవాళ్టిదేనా అని అడిగితే హోటలాయన నొచ్చుకున్నాడు. అక్కణ్ణుంచి వి.కోట మీదుగా కె.జి.ఎఫ్. బస్సు. వెళ్ళేవాళ్ళు కుడివైపు కూర్చోండి, ఎడమవైపు ఎండ కొడుతుంది. నా పక్కన ఖాళీ టమాటా బుట్టలు ఒళ్ళో పెట్టుకుని ఒకావిడ కూర్చుంది.

"యాడికి పోతా ఉండావమ్మా?"

"కె.జి.ఎఫ్.కు. పట్టుపురుగుల మీద డాక్టరు చదివాను, ఉద్యోగం చూడ్డానికి."

"పురుగులకి డాక్టరా! సూది యాడ పొడుస్తావు తల్లీ?" అని బస్సంతా వినేలా నవ్వింది. నేనూ నవ్వాను. వెనక సీటాయన కూడా నవ్వడం మాత్రం నాకు నచ్చలేదు.

పదకొండు దాటాక కె.జి.ఎఫ్.లోని రాబర్ట్‌సన్‌పేటలో దిగితే, కంపెనీ మేనేజరు మునిరాజు జీపుతో, పూలగుత్తితో ఎదురొచ్చాడు. నా సంచీ తనే మోశాడు. అతి వినయం ధూర్త లక్షణం అంటారు, నేను సంచీ మీంచి చూపు తిప్పలేదు. నాకివ్వబోయే బంగళా ఆ ఊళ్ళోనే కోరమండల్ అనే పేటలో ఉంది. బంగారు గనులు నడిచిన రోజుల్లో అందులో ఎవరో దొర ఉండేవాడట.

"ల్యాబ్ ఏది?" అన్నాను.

"వస్తాది మేడమ్. ఇంగ ఫస్టు మీరు రావల్ల."

రాగిముద్ద, ఆకుకూర ఉడికించి వంచిన నీళ్ళతో కాచే బస్సారు పెట్టించాడు. బస్సారు బాగుంది, దాని మీద నాకే అనుమానమూ లేదు. తింటుండగా నా పనేమిటో చెప్పాడు. సున్నకట్టు రోగమొస్తే పురుగు సున్నపుముక్కలా తెల్లగా బిగుసుకుపోతుంది. అది రాకుండా పురుగుల మీద చల్లే పొడిని వాళ్ళ కంపెనీ అమ్ముతుంది. నేను ఊరూరా మీటింగుల్లో ఆ పొడిని పరీక్షించానని చెప్పాలి.

"నేను పరీక్షించలేదుగా?"

"కండ్లారా చూద్దురు రాండి" అని జీపు తీశాడు.

రెండున్నరకు బూదికోట చేరాం. పొడి వాడి బాగుపడ్డ రైతంటూ వెంకటరామప్ప అనే పెద్దాయన్ని చూపించాడు. ఇంటి వెనక షెడ్డు, తట్టల నిండా బలిసిన పురుగులు, వంక పెట్టడానికి ఏమీ లేదు. నేను షెడ్డు గడప దగ్గర చెప్పులు విడవబోయాను.

"ఇప్పద్దమ్మా, అట్నే రాండి లోపలికి" అన్నాడు పెద్దాయన.

నా కాలు అక్కడే ఆగిపోయింది. పురుగులు మేపే ఇల్లెక్కడైనా ఇలా పిలుస్తుందా? పంట మీదున్నప్పుడు పక్కూరి నుంచి తోబుట్టువు వచ్చినా అరుగు మీదే కూర్చోబెడతారు. దిష్టి తగులుతుందని కొందరు, రోగం అంటుతుందని కొందరు. ఇంటివాళ్ళే బ్లీచింగ్ నీళ్ళలో కాళ్ళు ముంచి లోపలికెళ్తారు. ఈయన రోడ్డు దుమ్ముతో ఉన్న నా చెప్పుల్ని పురుగుల మధ్యకి రమ్మంటున్నాడు!

మునిరాజు ఫోనొచ్చి పక్కకెళ్ళాడు. నేను గొంతు తగ్గించి, "ఇవి మీ పురుగులేనాప్పా?" అన్నాను.

పెద్దాయన మునిరాజు వెళ్ళినవైపు ఒకసారి చూశాడు.

"నావే అయితే నిన్ను గడప దాటనిస్తానా తల్లీ? ఆ పొడి జల్లినాక నా పంటంతా సున్నం కట్టిపాయె. ఇవి పొద్దున ఆయప్పే తెచ్చి పెట్టినాడు. నష్టం కట్టిస్తానన్నాడు, నోరు మూసుకున్నాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. మునిరాజు తిరిగి రాగానే ఉద్యోగం వద్దన్నాను. పెద్దాయన పేరెత్తలేదు, 'ఈ పురుగులు ఎక్కడివి?' అని మాత్రం అడిగాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, "ఆ ముసలాయన ఏం చెప్పినాడు?" అన్నాడు. తర్వాత నెమ్మదించి, "మీరు కాకుంటే ఇంకో డాక్టరు మేడమ్. కరువా?" అన్నాడు.

తిరుగు ప్రయాణానికి జీపు రాలేదు. బంగారుపేట మీదుగా కె.జి.ఎఫ్. చేరి అయిదున్నర బస్సు పట్టుకున్నాను. ఈ ప్రాంతం చక్కనిది, తిండి మంచిది, మనుషులు ఆదరిస్తారు. ఎవరైనా వెళ్తే అతిగా ఆదరించేవాళ్ళ దగ్గర మాత్రం జాగ్రత్త.

బస్సు కదలగానే సుధ ఫోన్. మా ల్యాబ్‌లోనే నా తర్వాత డాక్టరేట్ పూర్తిచేసిన పిల్ల, మూడు నెలలుగా ఫెలోషిప్ లేదు. జరిగిందంతా చెప్పాను.

"ఆ ఉద్యోగం నాకు రాకూడదని ఇలా చెప్పట్లేదు కదా?" అంది.

కాదన్నాను. ఒట్టేశాను.

"అయితే ఆ మేనేజరు నంబరు పంపు."

పంపాను. పంపకపోతే ఉద్యోగాన్ని నేనే దాచుకున్నానని ఎప్పటికీ అనుకుంటుంది. నిజం విన్నాక ఫోన్ చెయ్యదనుకున్నాను. వి.కోట దాటుతుండగా మెసేజ్ వచ్చింది.

"థాంక్స్ అక్కా. సోమవారం రమ్మన్నారు, జీపు పంపిస్తారట."