మా ఓనరాంటీ మెలకువ

ముందుగా సమస్త తెలుగు పాఠక లోకానికి, ఫిల్మ్ నగర్‌లోని రచయితలందరికీ సాష్టాంగపడి క్షమాపణలు చెప్పుకుంటున్నాను. స్మృతి వ్యాసం రాయాలంటే గంభీరమైన గొంతు, తెల్ల లాల్చీ, కనీసం ఒక సన్మాన శాలువా ఉండాలి. నా దగ్గరున్నది మెడలో వేలాడే కంపెనీ ట్యాగు ఒక్కటే. ఇలాంటివాడు పెన్ను పట్టుకోవడం ఘోరం. అయినా రాస్తాను.

మా ఓనరాంటీ పోయింది. మొన్న మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చి, మళ్ళీ లేవలేదు. వచ్చినవాళ్ళంతా ఒకటే మాట: "నిద్రలోనే పోయింది, ఏమీ తెలియలేదు, అదృష్టవంతురాలు."

ఆంటీకి ఏమీ తెలియలేదని తేల్చేసినవాళ్ళు ఇంతకు ముందూ ఉన్నారు. వాళ్ళు డాక్టర్లు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆంటీ డబ్బింగ్ ఆర్టిస్టు. సినిమా పరిశ్రమతోపాటే మద్రాసు నుంచి వచ్చి ఇక్కడ ఫిల్మ్ నగర్‌లో ఇల్లు కట్టుకుంది. మేడమీద గదిలో నేను కిరాయికి. తెరమీద హీరోల తల్లులు ఏడుస్తుంటే అందులో సగం ఏడుపు మా ఆంటీదే. పొద్దున్నే ఉప్పునీళ్ళు పుక్కిలించి, మెట్ల కింద నిలబడి నా పేరు పెట్టి పిలిస్తే, కొడుకు శవమ్మీద పడి పిలిచినట్టుండేది.

"ఆంటీ, నేనింకా బతికే ఉన్న!"

"అయితే దిగొచ్చి మోటారు ఆపరా."

కొన్నేళ్ళ కింద గర్భసంచి ఆపరేషన్ జరుగుతుండగా ఆమెకు మధ్యలో మెలకువ వచ్చింది. కళ్ళకు టేపు, నోట్లో గొట్టం. వేలు కూడా కదలదు. కానీ నొప్పి తెలుస్తోంది, మాటలు వినిపిస్తున్నాయి. పెద్ద డాక్టరు కడుపు కోస్తూ, మణికొండలో ప్లాటు తీసుకోవాలా వద్దా అని పక్కవాణ్ణి సలహా అడుగుతున్నాడు.

తర్వాత ఈ సంగతి చెబితే ఆయన నవ్వాడు. "మత్తులో రకరకాల కలలొస్తాయమ్మా. మీకేం తెలియలేదు."

ఆంటీ ఆయన ముఖంలోకి చూసి, అచ్చం ఆయన గొంతుతోనే అంది: "మణికొండ మరీ దూరమైపోదంటావా? అంతా రాళ్ళేనయ్యా అక్కడ."

నేను ఫ్లాస్కు పట్టుకుని పక్కనే ఉన్నాను. డాక్టరు మాట్లాడినట్టే వినిపించింది, ఆయన పెదాలు మాత్రం కదల్లేదు. "ఎవరో నర్సు చెప్పుంటుంది," అనేసి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఆంటీ పడుకోవడం మానేసింది. వరండాలో కుర్చీలో కూర్చునే కునుకు తీసేది. "ఎవరెవరి నోళ్ళకో అరిచానురా జీవితమంతా. నా ఒంటి మీద కత్తి పడితే నాకు కేక రాలేదు," అంది ఒకసారి. నేను జోకు కోసం వెతికాను. దొరక్క, పక్కనే ఇంకో కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

ఇంతలో పిత్తాశయంలో రాళ్ళు బయటపడ్డాయి. మళ్ళీ ఆపరేషనే అన్నారు. వాళ్ళ తమ్ముడుగారు మందులతో లాగించమని బతిమాలారు. "భయం నాది, కడుపూ నాదే. నే వెళ్తాను," అంది ఆంటీ.

ఈసారి వేరే ఆస్పత్రి. మత్తు ఇచ్చే డాక్టరమ్మ వయసులో చిన్నది. ఆంటీ చెప్పిందంతా విన్నది, నవ్వలేదు. "నమ్ముతున్నానండీ. మెదడు మేలుకుంటే పట్టించే మిషన్ పెడతాను," అంది.

"పెట్టుకోండి. నాకింకోటి కావాలి. ఏం చేసినా ముందు నా చెవిలో చెప్పి చెయ్యాలి. నేను పడుకున్నానని మీరనుకున్నాక కూడా."

"అప్పుడు మీకు వినపడదు కదండీ?"

"అది తేల్చేది మీరా, నేనా?"

"ఆంటీ, ఆపరేషన్‌కి వచ్చినమా, కాల్షీట్లు మాట్లాడనీకి వచ్చినమా?" అన్నాను.

"నోర్మూసుకుని ఫ్లాస్కు పట్టుకో."

డాక్టరమ్మ మాట నిలబెట్టుకుంది. తోటివాళ్ళు మాస్కుల వెనక నవ్వుతున్నా, ఆఖరి కుట్టు దాకా చెవిలో చెబుతూనే ఉందట. ఆంటీ కళ్ళు తెరిచి అన్న మొదటి మాట: "ఏమీ వినపడలేదురా!" ఇంటికొచ్చిన రోజే మంచమ్మీద వెల్లకిలా పడుకుని, వీధివీధంతా వినేలా గురక పెట్టింది.

ఆస్పత్రివాళ్ళతో కొట్లాడి ఆంటీని గెలిపించింది నేనేనని మా కాలనీలో ఒక పుకారుంది. దాన్ని నేనెప్పుడూ ఖండించలేదు. నిజానికి నేను ఫ్లాస్కు మోశాను. సొంతంగా చేసింది ఒక్కటే, అదీ మొన్న.

ఆమె చెవి దగ్గర కూర్చున్నాను. "ఆంటీ, ముక్కుల దూది పెడ్తున్నరు." "ఆంటీ, ఐసు పెట్టెల పెడ్తరు, జర చల్లగుంటది."

"ఎవరికయ్యా చెబుతున్నావ్?" అన్నారు తమ్ముడుగారు.

"ఆంటీకి, సార్."

శ్మశానానికి వెళ్ళే బండిలో కూడా చెప్పాను, షేక్‌పేట దాటినమని, మూలమలుపులో కుదుపు ఉంటదని. చివరికి తమ్ముడుగారు కొరివి పట్టుకుని వచ్చారు. చెవిలో చెప్పాల్సిన ఆ ఒక్క మాట నేనింకా చెప్పలేదు.

పంతులుగారు తొందరపెడుతున్నారు. తమ్ముడుగారు కదల్లేదు. మంట గాలికి వంగి ఆయన మణికట్టు దాకా వస్తోంది. అయినా నా వైపే చూస్తూ ఆగారు.

వంగి, చెప్పాను.