నాయిన ఏరిన డ్రమ్ము కట్టెలు

మా డ్రిల్లు సారును ఎవరైనా పొగిడితే నాకు ఒళ్లు మండుతుంది. ఎనభైల చివర్లో సుబేదారిలో ఒక పెళ్లికి వెళ్లాను. భోజనాల బంతిలో, మా బడిలో చదివిన ఒకామె, "ఆ సార్ కొట్టవట్టే మనం గింత క్రమశిక్షణల ఉన్నం" అంది. క్రమశిక్షణట! విస్తరి ముందు నుంచి లేచిపోదామనిపించింది. ఆ సారు దేనితో కొట్టాడో ఆమెకేం తెలుసు? నా కట్టెతో కొట్టాడు. మా నాయిన ఏరి తెచ్చిన డ్రమ్ము కట్టెతో.

అంతకు పదేళ్ల ముందు నేను వరంగల్‌లో అమ్మాయిల హైస్కూలులో తొమ్మిదో తరగతి. బడికి ఒక బ్యాండు ఉండేది. పెద్ద డ్రమ్ము ఒకటి, మెడకు తగిలించుకునే చిన్న డ్రమ్ములు నాలుగు, ఇత్తడి తాళాలు ఒక జత. కట్టెలు మాత్రం ఒక రేకు డబ్బాలో పడేసి ఉండేవి. అందులో ఏ రెండూ జత కాదు. ఒకటి వానాకాలపు తేమకు వంగిపోయింది, ఒకటి చెదలు తిన్నది, ఒకటి చీలితే దారం చుట్టి పెట్టారు. పంద్రాగస్టు కవాతుకు నన్ను చిన్న డ్రమ్ముకు తీసుకున్నారు. ఆ కట్టెలతో కొడితే కుడిచేతి దెబ్బ గట్టిగా, ఎడమచేతి దెబ్బ ముక్కినట్టు పలికేది. "అవి చేతులా, రోకండ్లా?" అని సారు అందరి ముందు తిట్టేవాడు. డబ్బా తెరిచి ఒక్కసారి చూస్తే తెలిసేది తప్పెవరిదో. ఆయన చూడడు, మేము చెప్పలేము.

ఇంటికి వచ్చి ఏడ్చాను. మా నాయిన జంపఖానాలు నేసేవాడు. ఆదివారం నన్ను వెంటబెట్టుకుని, మగ్గాలకు చెక్కపని చేసే వడ్లాయన దగ్గరికి తీసుకెళ్లాడు. నేను నమూనాకు తెచ్చిన కట్టెను చూసి ఆయన తన దగ్గరున్న సన్నటి కట్టెలన్నీ ముందర పోశాడు. నాయిన ఒక్కొక్కటే వెలుతురుకు పెట్టి చూశాడు.

"సూడు బిడ్డా, పోగు గీ కొస నుంచి గా కొస దాక పోవాలె. నడిమిట్ల పక్కకు వోయిందంటే గాడ్నే చీల్తది."

చెక్కలోని చారను కూడా ఆయన పోగే అనేవాడు. పోగు బాగున్న వాటిని బండ మీద దొర్లించాడు. ఎగిరెగిరి పోయినవాటిని పక్కకు నెట్టాడు. మిగిలినవాటిని గడప మీద కొట్టి, చెవి దగ్గర పెట్టి మోత విన్నాడు. ఆఖరికి మిగిలిన వాటిలో రెండింటిని చెరొక చేతిలో పట్టుకుని, బరువు చూడడానికి కళ్లు మూసుకున్నాడు.

"ఏందన్నా, కట్టె జూస్తానవా, బిడ్డకు సంబంధం జూస్తానవా?" అని వడ్లాయన నవ్వాడు.

"రెండు చేతులు ఒక్క తీరు మాట్లాడాలె గదా" అన్నాడు నాయిన.

వడ్లాయన వాటిని నునుపు చేసి, మొనలు గుండ్రంగా తీర్చి ఇచ్చాడు. ఇంటికొచ్చాక నాయిన రెండు చుక్కల నువ్వుల నూనె గుడ్డకు అద్ది రుద్దడం నేర్పాడు. గోడకు ఆనిస్తే వంగుతాయి, పడుకోబెట్టాలి. తడి చేత్తో పట్టుకోకూడదు. మిగిలిపోయిన జంపఖానా ముక్కలో చుట్టి గూట్లో పెట్టేదాన్ని. ఒకసారి మా నానమ్మ నూలుకు అద్దే రంగు బాన కలపడానికి అందులోంచి ఒకటి తీయబోతే ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను. "అవ్వో, బంగారపు కట్టెలా ఏందే నీయి?" అంది. అవును, బంగారమే అన్నాను.

ఆ కట్టెలతో వాయించిన మొదటి రోజు సారు నన్ను తిట్టలేదు. రెండో రోజు తన బెత్తం మరిచిపోయి వచ్చాడు.

నా బెంచీలో కూర్చునే అమ్మాయే బ్యాండులో తాళాలు కొట్టేది. వాళ్ల వాడలో బోరింగు దగ్గర నీళ్ల కోసం లైను కట్టి, ఇంట్లో బిందెలు దించి, ఉరికి ఉరికి వచ్చేసరికి రోజూ ఆలస్యమయ్యేది. ఆ పొద్దున సారు ఆమెను నిలబెట్టి, నా మొహం కూడా చూడకుండా నా వైపు చెయ్యి చాచాడు.

"కట్టె ఇటియ్యి."

ఇచ్చాను. ఇవ్వకుండా ఉండొచ్చని కూడా నాకు తోచలేదు. ఆయన సన్నటి మొన తాను పట్టుకుని, లావు వైపుతో ఆమె రెండు అరచేతుల మీదా కొట్టాడు. నాలుగు దెబ్బలు. "మంచి కట్టె, ఏడ తెచ్చినవ్?" అని అడిగి మరీ తిరిగిచ్చాడు. ఆ మాటకు నా ముఖం వెలిగింది. అవును, వెలిగింది. అది తలుచుకుంటే సారు మీద కంటే నా మీదే నాకు ఎక్కువ కోపం వస్తుంది.

ఇక ఆయన బెత్తం తేవడమే మానేశాడు. పొద్దున్నే చెయ్యి చాచడం, నేను ఇవ్వడం. ఎవరైనా మాట్లాడితే అదే కట్టెతో జెండా ఎగరేసే ఇనుప గొట్టం మీద టంగుమని కొట్టేవాడు. నా స్నేహితురాలు అరచేతులకు దస్తీ చుట్టుకుని తాళాలు పట్టుకునేది. ఆమె నన్నొక్క మాట అనలేదు. నేనూ అడగలేదు.

ఒక సాయంత్రం నాయిన నూనె గుడ్డ అందుకుని కట్టెలు చూశాడు. "గీ లావు దిక్కు నొక్కులెట్ల వడ్డయ్? తిరగేసి కొడ్తానవా?"

మొత్తం చెప్పాను. ఆయన నూనె గుడ్డ కింద పెట్టాడు.

"సార్ అడిగితే ఇయ్యాలె గదా బిడ్డా. లేకుంటే నిన్ను బ్యాండుల నుంచి తీసేస్తడు."

"మరి గందుకేనా గన్ని జూసి ఏరినవ్?" అని అరిచాను. నాయిన మీద గొంతు లేపడం అదే మొదటిసారి. ఆయన గరుకు కాగితం తెచ్చి కూర్చుని ఆ నొక్కులు రుద్దడం మొదలుపెట్టాడు. మళ్లీ నునుపు చేసి ఇస్తాడట, మళ్లీ కొట్టడానికి! నేను ఆ రాత్రి అన్నం తినలేదు.

తెల్లవారి నా స్నేహితురాలు మళ్లీ ఆలస్యంగా వచ్చింది. సారు చెయ్యి చాచాడు. నేను రెండు కట్టెలూ వెనక్కి పెట్టుకున్నాను.

"ఇయ్య సార్. మా నాయిన డ్రమ్ముకు తెచ్చిండు. పిల్లలను కొట్టనీకి గాదు."

సారు వచ్చి నా మెడలోంచి డ్రమ్ము పట్టీ తానే తీశాడు. రేకు డబ్బాలోని వంకర కట్టె తెప్పించి ఆమెను కొట్టాడు, తర్వాత నన్నూ కొట్టాడు. నేను ఇవ్వకపోవడం వల్ల ఆమెకు ఒక్క దెబ్బా తగ్గలేదు.

పంద్రాగస్టు నాడు నాయిన మగ్గం ఆపి, ఉతికిన అంగీ తొడుక్కుని వచ్చాడు. ప్రహరీ దగ్గర నిలబడి బ్యాండులో నా కోసం వెతికాడు. నేను వెనక వరుసలో ఉత్త చేతులతో నిలబడి ఉన్నాను.

ఇదంతా ఆ పెళ్లి బంతిలో నోరు విప్పి చెప్పేశాను. పొగిడినామె తల వంచుకుని తినసాగింది. ఆనాడు తాళాలు కొట్టిన నా స్నేహితురాలు నా పక్కనే కూర్చుని ఉంది. నాకింకా కోపం చల్లారలేదు. ఆమె వైపు తిరిగి, "యాదికున్నదా, నేను ఇయ్యనన్నది?" అని అడిగాను. ఇన్నేళ్లుగా నాకు నేను చెప్పుకుంటున్న కథ అదే మరి.

"ఎందుకు లేదు" అంది ఆమె. "కని నాకు ముందుగాల నువ్వు ఇచ్చుడే యాదికొస్తదే. పదకొండు రోజులు ఇచ్చినవ్."

నేనెన్నడూ లెక్కపెట్టలేదు. ఇవ్వనన్న ఒక్క రోజునే దాచుకున్నాను. ఇంతలో పెరుగు వడ్డించే మనిషి వచ్చాడు. ఆమె చాలని విస్తరి మీద అరచెయ్యి అడ్డం పెట్టింది. ఆ చేతి వంక నేను చూడలేకపోయాను.