మా చీరల ఛానెల్‌కు కొత్త ఓనరు

నాయన చీరలు నేసే వీడియోల కోసం నగరిలో ఇంటర్నెట్ సెంటర్ నడిపే అన్న తన మెయిలుతోనే యూట్యూబ్ ఛానెల్ తెరిచిచ్చాడు. ఆ సెంటర్ మూసేస్తున్నారని తెలిసి, ఛానెల్ ఎక్కడ పోతుందోనని ఈ రోజు నాయనతో కలిసి అక్కడికి పరుగెత్తాను.

"ఇంక ఓనరు ఎవరప్పా? ఎవరి మెయిలు లింకు చేసేది?" అన్నాడు అన్న.

నా పేరు చెప్పబోయాను. అంతలో నాయన, "మా ఇంటామె పేరు పెట్టప్పా. మగ్గమెక్కే ప్రతి పోగూ ఆమె అతికిందే. ఆమె అతక్కుంటే నేను నేసేదేముండాది?" అన్నాడు.

అక్కడే అమ్మ పేరుతో మెయిలు తెరిచి, ఛానెల్‌ను దానికి మార్పించాం. ఇంటికొచ్చి చెప్పగానే ఓనరమ్మ మొదటి ఆజ్ఞ జారీ చేసింది.

"ఆ పోగులతికే వీడియో తీసేయ్ అమ్మీ. నా చీర మాసిపోయి ఉండాది."

ఛానెల్ మొత్తంలో అమ్మ కనిపించేది ఆ ఒక్కదాంట్లోనే. మీరే చెప్పండి, ఓనరు మాట వినాలా?