బావిగోడకు ముహూర్తం

నేను మొదటిసారి కడుపుతో ఉన్నప్పుడు తిరువళ్ళూరులోని మా అత్తవారిల్లు ఎంత భద్రంగా ఉండేదంటే, కంటికి కనబడని శత్రువు ఒక్కడు కూడా లోపలికి అడుగు పెట్టలేకపోయేవాడు. కంటికి కనబడేవి మాత్రం ఎక్కడివక్కడే ఉండేవి.

వీధి వాకిలికి బూడిద గుమ్మడికాయ, దాని పక్కన నాలుక బయటపెట్టిన దిష్టిబొమ్మ. గుమ్మానికి వేపమండలు. నా దిండు కింద ఒక ఇనప కత్తి. పక్కకు తిరిగినప్పుడల్లా అది నన్నే గుచ్చేది. దాంతో ఏ గాలికీ ధూళికీ గాయమైనట్టు నేను వినలేదు. ఈ ఏర్పాట్లన్నిటికీ దళపతి మా అత్త. ఎదురింట్లో నూనె అంగడివాళ్ళావిడ ఉండేది. ఆమె చూపు మంచిది కాదని మా అత్త ఎప్పుడో తీర్మానించింది. ఆమె మా గడప తొక్కిందంటే నేను కడుపు దాచుకుని లోపలి గదిలోకి పోవాలి. ఆమె వెళ్ళాక మా అత్త ఉప్పూ ఎండుమిరపకాయలూ నా చుట్టూ తిప్పి పొయ్యిలో వేసేది. ఘాటు వస్తే దిష్టి లేనట్టు, రాకపోతే ఉన్నట్టు. నేను దగ్గి దగ్గి కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే మా అత్త ముక్కు ఎగబీల్చి, “చూస్తివా, కొంచెమన్నా కమురు రాలేదు. ఎంత దిష్టి తగిలిందో” అనేది.

నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందని ఆమె నమ్మకం. కావచ్చు. మా పెరటి బావిగోడ మాత్రం ఎవరి కన్నూ తగలకుండానే, ముందు ఏడాది వానలకు కూలిపోయింది. మూడు వైపులా నడుమెత్తు గోడ దిట్టంగానే నిలిచింది. వంటింటి వైపు మాత్రం జానెడు మిగిలింది. పెద్దవాళ్ళం అలవాటు కొద్దీ తప్పుకుని నడిచేవాళ్ళం. పుట్టబోయేవాళ్ళకు ఆ అలవాటు ఉండదు కదా అని నాకు బెంగ. చేద పట్టుకుని లోపలికి తొంగిచూసినప్పుడల్లా వెనక్కి వచ్చి గుమ్మంలో కూర్చుండిపోయేదాన్ని. అందరూ వేవిళ్ళనుకునేవారు.

మా ఆయనకు ఇంటి ముందు గదిలోనే పచారీ అంగడి. వారానికి రెండుసార్లు కరెంటు రైల్లో మద్రాసు పోయి సరుకు తెచ్చేవారు. మంచి మనిషి. ఎవరికీ ‘లేదు’ అని చెప్పే అలవాటు లేదు. అంగట్లో జీలకర్ర అయిపోతే ‘రేపొస్తుంది’ అంటారు. ఇంట్లో ఏదైనా అడిగితే ‘చూద్దాం’ అంటారు. బావిగోడ గురించి ఆయన రెండు నెలలు చూశారు. నేను అన్నం మానేసి కూర్చుంటే ఆ దెబ్బకు ఒక బండెడు ఇటుకలు వచ్చాయి. మర్నాడు మేస్త్రి కూడా వచ్చాడు.

మా అత్త పెరటి గుమ్మంలో నిలబడింది. “ఏమప్పా, యాడికి ఆ గడ్డపార?”

“బావిగోడకమ్మా. అయ్య రమ్మన్నాడు.”

“కడుపుతో ఉండే బిడ్డ ఇంట్లో ఉండంగా మన్ను తవ్వుతారా యాడన్నా? గోడకు మేకు కూడా కొట్టనీను నేను.”

మేస్త్రి రెండడుగులు వెనక్కి వేశాడు. “అయ్యయ్యో, తెలీదమ్మా. తెలిసుంటే వచ్చేవాణ్ణే కాదు. నా పెండ్లాం కడుపుతో ఉండేటప్పుడు నేను గడ్డపార ముట్టనే ముట్టను” అన్నాడు. అతనికి ఏడుగురు పిల్లలు. ఆ మనిషి పని ఎప్పుడు నేర్చుకున్నాడో, ఎప్పుడు చేశాడో నాకు ఇప్పటికీ అంతుబట్టదు.

మేస్త్రి పోయాడు గానీ ఇటుకలు పోలేదు. వాటిని దించిన కూలీలు చోటు వెతికి, బావి పక్కనే, సరిగ్గా గోడ కూలిన వైపే, మెట్లు మెట్లుగా పేర్చి వెళ్ళారు. అంతవరకు మా బావిలో కాలు జారి పడాలి. ఇప్పుడు సుఖంగా ఎక్కి పడవచ్చు.

సరే, తవ్వకుండా, మేకు కొట్టకుండా, బావి మీద ఒక రేకు మూత పెడదామన్నాను. మా అత్త రెండు చెవులూ మూసుకుంది. “నీళ్ళుండే కడుపుకు మూతేస్తే నీ కడుపు ఏమైతాదో తెలుసునా?”

నేను ఎస్.ఎస్.ఎల్.సి. పాసైనదాన్ని. బావికీ గర్భానికీ సంబంధం ఉన్నట్టు ఏ పుస్తకంలోనూ చదవలేదన్నాను.

“పుస్తకం రాసినోడు కన్నాడా?” అంది మా అత్త.

తీర్పు చెప్పమన్నట్టు మా ఆయన వైపు చూశాను. ఆయన చింతపండు తూస్తూ, “చూద్దాంలే” అన్నారు.

ఏడో నెలలో సీమంతం చేసి నన్ను తిరుత్తణికి, మా పుట్టింటికి పంపారు. కొండ కింద మావాళ్ళది చిన్న అద్దె ఇల్లు. అక్కడ బావి లేదు, వీధి కొళాయి ఉండేది. మా ఆయన వారం వారం కార్డు రాసేవారు. ఇక్కడ అందరం క్షేమం, అమ్మ క్షేమం, ఇటుకలు క్షేమం. కడుపుతో ఉన్నదాన్ని నేను ఇక్కడికి వచ్చేశాను కదా, ఇప్పుడు కట్టించడానికి అడ్డేమిటని రాశాను. తిరుగు టపాలో మా అత్త మాట వచ్చింది. కోడలు తిరుత్తణిలో ఉన్నా కడుపు ఈ ఇంటిదేనట. రైలెక్కినంత మాత్రాన శాస్త్రం దిగిపోదన్న మాట. మా అమ్మ అయినా నా పక్షం వస్తుందనుకుని ఆ కార్డు చదివి వినిపించాను. “మీ అత్త చెప్పిండేది నిజమే కదమ్మే. అందుకే కదా నేను కూడా సున్నం కొట్టించకుండా ఆపినాను” అంది. చుట్టూ చూస్తే నిజంగానే గోడలు నల్లగా ఉన్నాయి.

ఆడపిల్ల పుట్టింది. ఇంక కడుపు అడ్డం లేదు కాబట్టి గోడ లేస్తుందని నా ఆశ. మొదటి నెల పురిటి మైల, అక్కడివాళ్ళు తీట్టు అంటారు. ఆ తర్వాత తమిళ లెక్కలో ఆడి నెల, మన ఆషాఢం లాంటిదే. ఆడిలో కొత్త పని మొదలుపెడితే ఇల్లు ఆడిపోతుందట, అంటే కదిలిపోతుందట. ఆవణిలో దివ్యమైన ముహూర్తాలున్నాయి గానీ, బిడ్డ తిరుత్తణిలో ఉండగా బిడ్డ కోసం ఇక్కడ గోడ ఏమిటికని మా అత్త అడిగింది. అయిదో నెలలో బిడ్డను తీసుకుని వచ్చాను. అప్పటికి ఐప్పసి వానలు, సున్నం ఆరదు. మార్గళి అంటే మన ధనుర్మాసం, దేవుడి నెల. సంక్రాంతితో తై పుట్టింది, ఇంక ఏ అడ్డూ లేదు. కానీ ఊరందరూ ఏడాదంతా ఆపుకున్న పనులు తై నెలలోనే మొదలుపెట్టడంతో మేస్త్రి చేతికి దొరకలేదు. ఈ పంచాంగంతో ఏ సంబంధమూ లేకుండా మా అమ్మాయి మాత్రం బోర్లా పడి, పాకి, పట్టుకుని నిలబడటం నేర్చింది.

నేను వంటింటి పెరటి గుమ్మానికి అడ్డంగా ఒక బియ్యం మూట పెట్టేదాన్ని. మా ఇంట్లో బిడ్డకు ఉన్న రక్షణ అదొక్కటే. అంగట్లో బేరం తగిలితే మా ఆయన ఆ మూటనే లాక్కుపోయేవారు. మళ్ళీ ఇంకో మూట తెచ్చిపెట్టమని నేను అరవాలి. ‘రేపొస్తుంది’ అని ఆయన అనాలి.

తై పోయాక మాసి నెలలో ఒక రోజు పొద్దున పది గంటల వేళ నేను గంజి వారుస్తున్నాను. మూట ఎప్పుడు అమ్ముడుపోయిందో చూసుకోలేదు. తలెత్తితే బిడ్డ గుమ్మం దాటి ఉంది. ఇటుకల మీద రెండో మెట్టు ఎక్కింది. ఒక అరచెయ్యి జానెడు గోడ మీద ఆనించి లోపలికి చూస్తోంది. నా చేతిలో సలసల కాగే గిన్నె.

మా అత్త పెరట్లో కూర్చుని చేటలో కందిపప్పు ఏరుతోంది. మోకాళ్ళ నొప్పులతో ఆమెను లేపాలంటే ఇద్దరు మనుషులు కావాలి. చేట తిరగబడటం చూశాను. ఆమె లేవడం చూడలేదు. చూసేసరికి బిడ్డ కాలు ఒక చేతిలో, గౌను వెనక భాగం ఇంకో చేతిలో ఉన్నాయి. బిడ్డకు అదేదో ఆటగా ఉంది, నవ్వుతోంది.

నేను గిన్నె పడేసి పరుగెత్తాను. బిడ్డను లాక్కుని, ఏడాదిగా మింగినదంతా కక్కాను. ఎప్పుడూ ‘మీరు’ అనేదాన్ని, ఆ రోజు ‘నువ్వు’ అన్నాను. “గడ్డపార పడితే కడుపు పోతాదంటివే! ఇప్పుడు పుట్టిన బిడ్డ పోయుంటే? నీ గుమ్మడికాయ వచ్చి ఎత్తుకొచ్చి ఉండునా?”

ఆమె నేల మీదే కూలబడింది. నా వైపు చూడకుండా మెల్లగా చెప్పింది. “ఈ గోడ కట్టించింది నేనే. అప్పుడు నాకు ఆరో నెల. మీ మామ వద్దన్నాడు, మా అత్త వద్దనింది. బిడ్డ పుడితే పాకతాదని పట్టుబట్టి నేనే కట్టించినాను. గోడ లేచింది. బిడ్డ చచ్చి పుట్టినాడు.”

ఒలికిన పప్పు చేత్తో పోగుచేస్తూ, “నీ మొగునికి ముందోడు. వానికి కూడా తెలీదు” అంది.

నాకు సిగ్గేసింది. ఎస్.ఎస్.ఎల్.సి. మొఖం పెట్టుకుని ఏడాదిపాటు ఆమె మీద వేసిన విసుర్లన్నీ గుర్తొచ్చి తలెత్తలేకపోయాను. గోడకూ ఆ బిడ్డకూ సంబంధం లేదని చెప్పాలనుకున్నాను. అది నిజం కూడా. కానీ కన్నదానికి ఆ నిజం ఎట్లా చెప్పాలో తెలియలేదు.

ఆమే మాట్లాడింది. “రేపే పిలిపించు మేస్త్రిని.”

మా ఆయన జీవితంలో మొదటిసారి ‘చూద్దాం’ అనలేదు. మర్నాడు తెల్లవారేసరికి మేస్త్రి పెరటి గేటు బయట నిలబడ్డాడు. లోపలికి అడుగు పెట్టకముందే అడిగాడు. “ఇంట్లో ఎవరూ కడుపుతో లేరు కదమ్మా?”

“లేరప్పా, రా” అంది మా అత్త.

నేను ఆమె వెనకే నిలబడి ఉన్నాను. నాకు నెల తప్పి రెండు నెలలు దాటింది. ఇంకా మా ఆయనకు కూడా చెప్పలేదు.

చెబితే గోడ ఆగిపోతుంది. మళ్ళీ కడుపు, మళ్ళీ తీట్టు, మళ్ళీ ఆడి, మళ్ళీ మార్గళి. అంతవరకు బిడ్డ పెరట్లో తిరుగుతూ ఉంటుంది. చెప్పకపోతే ఏమవుతుంది? నాలాంటి చదువుకున్నదానికి ఏమీ కాకూడదు. ఆ మాట మనసులో గట్టిగా అనుకున్నాను. నోరు మూసుకున్నాను.

గడ్డపార పడింది. నేను వంటింట్లోకి పోయాను. పాత గోడ మొదలు పెకలిస్తున్నారు. ఆ దెబ్బలు నాకేమీ తగల్లేదు. కానీ ప్రతి దెబ్బకూ నా చెయ్యి దానంతటదే కడుపు మీదికి పోయేది. తీసేసేదాన్ని. మళ్ళీ పోయేది. ఆ రోజంతా కూర మాడ్చాను, పులుసులో రెండుసార్లు ఉప్పు వేశాను. భయపడ్డాను, అంతే. దానికి ఇంకో పేరు పెట్టలేను.

రెండో రోజు మధ్యాహ్నం గోడ మూడు వైపుల గోడతో సమానంగా లేచింది. మేస్త్రికి మజ్జిగ తీసుకుపోవడానికి మా అత్త లోపలికి వచ్చింది. నా చెయ్యి ఉండకూడని చోటే ఉంది. ఆమె చెంబు పట్టుకుని ఆగిపోయింది. నా చెయ్యి చూసింది, మొఖం చూసింది.

“ఎన్నో నెల?”

“రెండు దాటినాయి.”

బయట తాపీ ఇటుక మీద కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఇంక ఆమె అరుస్తుంది, పని ఆపిస్తుంది, కట్టినదంతా కూలగొట్టిస్తుంది అనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆపిస్తే బాగుండునని కూడా అనుకున్నాను. ఆమె చెంబు కింద పెట్టి గుమ్మంలోకి పోయింది.

“మేస్త్రీ, చుట్టూ ఇంకా రెండు వరసలు ఎత్తప్పా. బిడ్డ పెరిగినాక ఎగబాకతాది” అంది.

ఆ తర్వాత ఏడు నెలలు మా ఇద్దరి మధ్య ఆ మాట రాలేదు. నేను ఎగతాళి చేయలేదు, ఆమె శాస్త్రం చెప్పలేదు. ఎదురింటామె వచ్చి నా పక్కనే కూర్చుని వక్కాకు వేసుకుని పోయినా ఏమీ అనలేదు. మేస్త్రికి విషయం తెలిసి వీధిలో నన్ను చూస్తే తల తిప్పుకునేవాడు. నాకు ఆయాసం వచ్చినా, కాళ్ళు వాచినా మా అత్త నా దగ్గరికి వచ్చి నిలబడేది, ఏదో అడగబోయి వెళ్ళిపోయేది. ఆమెకు చెప్పలేదు గానీ, కడుపులో బిడ్డ కదలని పూట నేను కూడా ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు.

రెండో కాన్పు తిరువళ్ళూరు ఆసుపత్రిలోనే. మా అత్త ఆసుపత్రికి రానంది, పెద్దదాన్ని చూసుకోవాలని సాకు చెప్పింది. తెల్లవారి కబురు చెప్పడానికి మా ఆయన ఇంటికి పోతే ఆమె వాకిట్లోనే నిలబడి ఉందట. ఆయన నోరు తెరవకముందే, “బిడ్డ ఏడ్చినాదా?” అని అడిగిందట.

“ఏడవడమా! ఆసుపత్రి అంతా లేచింది” అన్నారట ఆయన.

ఆమె అక్కడే గడప మీద కూర్చుని, మా అమ్మాయిని ఒళ్ళోకి లాక్కుని, చాలాసేపు ఏడ్చిందట. ఎందుకేడుస్తోందో తెలియక మా ఆయన పక్కనే నిలబడిపోయారు. పుట్టింది ఆడో మగో అడగాలని ఆమెకు సాయంత్రం దాకా గుర్తు రాలేదు.