కుర్చీ ఉన్న ఉద్యోగం

ఆ రోజుల్లో నిజామాబాద్‌లో బట్టల దుకాణమంటే చెప్పులు బయట విడిచి తెల్ల పరుపు మీదికి ఎక్కాల్సిందే. కొనేవాళ్లు, అమ్మేవాళ్లు, గుమాస్తా, గల్లాపెట్టె ముందు సేటు, అందరూ కిందనే కూర్చునేవారు. ఎవరైనా పెద్ద ఆఫీసరు భార్యను వెంటబెట్టుకుని వస్తే తప్ప లోపలి నుంచి కుర్చీ బయటికి వచ్చేది కాదు. అలాంటి దుకాణంలో, పై అంతస్తులో, నాకొక కుర్చీ దొరికింది. డెబ్బైల నడుమ, ఎమర్జెన్సీ నాటి ఎండాకాలంలో, డిగ్రీ రెండో ఏడు పరీక్షలు రాసి ఖాళీగా తిరుగుతున్న నాకు దాన్ని ఇప్పించినవాడు సేటుగారి అల్లుడు.

అల్లుడు బొంబాయి నుంచి దిగాడు. అక్కడ ఏదో అడ్వర్టైజ్‌మెంట్ కంపెనీలో పనిచేశానని చెప్పుకునేవాడు. ఏం పని చేశాడో ఎవరూ అడగలేదు. అడిగే ధైర్యం మామకే లేకపోయె, ఇక మాకెక్కడిది? వచ్చీ రాగానే పై అంతస్తులో దుప్పట్ల మూటలు పక్కకు జరిపించి, ఒక బల్ల వేయించి, గోడకు జిల్లా మ్యాపు కొట్టించి, ఆ గదికి మీడియా ప్లానింగ్ డిపార్ట్‌మెంట్ అని పేరు పెట్టాడు. డిపార్ట్‌మెంట్‌లో ఇద్దరమే. ప్లానింగ్ ఆయనది, మిగతా చాకిరీ అంతా నాది. సెలవులయ్యేదాకా పని నేర్చుకో, నచ్చితే పర్మినెంటు చేస్తానని సేటు మాట ఇచ్చాడు.

మా బాపు గంజ్‌లో పసుపు బస్తాలు కుట్టేవాడు. మా అవ్వ, అంటే అమ్మ, బీడీలు చుట్టేది. కూర్చుని చేసే పనే ఆమెదీ. కాకపోతే నేల మీద, ఒళ్లో చాట పెట్టుకుని, పొద్దంతా మెడ వంచుకుని కూర్చోవాలి. ఉద్యోగం దొరికిందని చెప్తే అదేం పని అని అడగలేదు, జీతమెంత అని అడగలేదు.

"కుర్సీ ఉంటదా బిడ్డా?" అని అడిగింది.

ఉంటదన్నాను. దీపాలు పెట్టే వేళకు వాడకట్టంతా తెలిసిపోయింది. మా వంశంలో కుర్చీ మీద కూర్చుని పనిచేసినవాడు లేడు. కాబట్టి అల్లుడుగారి తెలివి ఎంతటిదో మొదటి రోజే నాకు తెలిసినా, ఆ కుర్చీ కోసం నోరు మూసుకుని పనిచేశాను.

మీడియా ప్లానింగ్ అంటే నాకు అర్థమైనంతలో, చవకగా బాగా నడుస్తున్న పనిని ఆపి, ఖర్చు పెట్టి చెడగొట్టడం. అంతకుముందు పెండ్లి బట్టలకని ఊళ్ల నుంచి జనం బండ్లు కట్టుకుని వచ్చేవారు. సేటు అందరికీ చాయ్ తాగించి, పోయేటప్పుడు దుకాణం పేరు అచ్చేసిన గుడ్డ సంచి ఒకటి చేతిలో పెట్టేవాడు. బోధన్ వైపు ఏ ఇంట్లో చూసినా ఆ సంచి మేకుకు వేలాడుతుండేది. తమలపాకులు అందులోనే, ముసలివాళ్ల మందుబిళ్లలు అందులోనే. అల్లుడు వచ్చి సంచులు బంద్ పెట్టించాడు. అవి పాత పద్ధతి అట, బొంబాయిలో నవ్వుతారట. బోధన్‌లో సంచి ఇస్తే బొంబాయివాళ్లు నవ్వడానికి ఇక్కడికి ఎందుకొస్తారో నాకు అంతుపట్టలేదు.

సంచుల బదులు సినిమా స్లైడ్లు వచ్చాయి. మా స్లైడ్ ఇంటర్వెల్లో వేసేవారు. ఇంటర్వెల్లో జనమంతా సోడాలకూ బీడీలకూ బయటికి పోతారు. హాల్లో మిగిలేది నిద్రపోయిన పిల్లల్ని ఒళ్లో వేసుకున్న తల్లులు, అల్లుడు. ఆయన బాల్కనీలో కూర్చుని స్లైడ్ చూసుకుని మురిసిపోయి, మర్నాడు వచ్చి మ్యాపు మీద సినిమా హాలు ఉన్నచోట ఎర్రగుండీ సూది గుచ్చేవాడు. ఆ సూదులు అందించడం నా ట్రైనింగులో ఒక భాగం.

తర్వాత ఆయన కన్ను చెరుకు ఊళ్ల మీద పడింది. పెండ్లిళ్ల కాలం, పైగా చెరుకు అమ్ముకున్న రైతుల చేతిలో నాలుగు పైసలు ఆడే కాలం. ఒక జీపు అద్దెకు తీసుకుని, రెండు పక్కలా పెద్ద గుడ్డ బోర్డులు కట్టి, మైకు పెట్టి బోధన్ నుంచి రుద్రూర్ దాకా ఊరూరూ తిరగాలన్నది ప్లాను. బోర్డు మీద ఏం బొమ్మ వేయాలని పెయింటరు అడిగాడు. కొత్త బట్టల్లో సుఖంగా ఉన్న కుటుంబం వెయ్యి అన్నాడు అల్లుడు. పెయింటరు ఇంకో మాట అడగలేదు. అడిగే అవసరమూ లేదు. ఆ ఏడాదంతా అతను సర్కారు గోడల మీద వేసింది ఆ ఒక్క బొమ్మే. మొగుడు, పెళ్లాం, ఒక కొడుకు, ఒక బిడ్డ, నలుగురి ముఖాల్లో ఒకటే నవ్వు. చెయ్యి అలవాటు కొద్దీ మూలన ఎర్ర త్రికోణం కూడా గీశాడు. దానిలోపల మా దుకాణం పేరు రాశాడు.

ఆ ఏడాది ఊళ్లలో మగవాళ్ల భయం గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ ఎర్ర త్రికోణం వేసిన సర్కారు జీపు వచ్చిందంటే కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు పట్టుకుపోతారని పుకారు. అందులో నిజమెంతో నాకు తెలియదు గాని, మైకు వినిపిస్తే చాలు, మగవాళ్లు చేస్తున్న పని వదిలేసి చేలల్లోకి పరుగెత్తేవారు. ఇది జిల్లా అంతటికీ తెలిసిన సంగతి. జిల్లా మ్యాపు గోడకు కొట్టించుకున్న మనిషికి మాత్రం తెలియదు.

బోర్డు చూడగానే అల్లుడి దగ్గరికి పోయాను. ఇది ఆపరేషన్ బొమ్మ లెక్క ఉంది సార్ అని ఆయనకు చెప్పాను. ఆయన నావైపు జాలిగా చూశాడు. జనానికి ముందే తెలిసిన బొమ్మ అయితే తొందరగా మనసుకు పడుతుందట, అది బొంబాయిలో మొదటి పాఠమట. మళ్లీ చెప్పబోతే, నా కుర్చీ వైపు ఒకసారి చూసి, ఈ పని ఇష్టం లేదా అని అడిగాడు. ఇష్టమేనన్నాను.

జీపులో డ్రైవరు, ముందు సీట్లో అల్లుడు, వెనక మైకు పట్టుకుని నేను. మొదట తిరిగిన ఊళ్లలో ఒక్క మగ పురుగు కనబడలేదు. వాకిళ్లలో ఆడవాళ్లే నడుముల మీద చేతులు పెట్టుకుని మమ్మల్ని మింగేసేలా చూస్తున్నారు. అల్లుడుగారికి ఎంత సంతోషమో. మన ప్రచారానికి ఆడవాళ్లే ఎక్కువ ఆకర్షితులవుతున్నారు, చీరల స్టాకు పెంచాలి అన్నాడు. నాకు నవ్వు, ఏడుపు రెండూ కలిసి వచ్చాయి.

రుద్రూర్ దారిలో ఒక ఊళ్లో పెండ్లి జరుగుతున్నది. పెండ్లి బట్టలు మా దుకాణంలోనే కొన్నారని అల్లుడికి తెలుసు. జనం ఒక్కచోట ఉన్నప్పుడే చెప్పాలి, బట్టలు కూడా కళ్ల ముందే ఉంటాయి కదా అని జీపును నేరుగా పెండ్లి పందిరి ముందు ఆపించాడు. మమ్మల్ని చూసి బాజాలవాళ్లు వాయించడం ఆపారు. ఆయన రాసిచ్చిన ముక్క నేను మైకులో చదివాను. మీ కుటుంబ సుఖమే మా ధ్యేయం, మీ కోసమే మీ ఊరికి వచ్చాం, మగవారికి ప్రత్యేక బహుమతులు.

ఎవరు ముందు లేచారో నేను చూడలేదు. చూసేసరికి పందిట్లో మగవాళ్లు లేరు. పందిరి వెనకే ఇంకా కొట్టని చెరుకు తోట, మనిషి ఎత్తుకు మించి పెరిగి ఉంది. అందరూ అందులోకే ఉరికారు. బాజాలవాళ్లు డోళ్లు వదిలేసి ఉరికారు. పెండ్లి చేయించే అయ్యగారు పంచె ఎగ్గట్టి ఉరికాడు. అందరికన్నా ముందు, నుదుటి మీద బాసింగంతో, పెండ్లికొడుకు ఉరికాడు. పీటల మీద పెండ్లికూతురు ఒక్కతే మిగిలింది. జీలకర్ర బెల్లం పెట్టిన తమలపాకు ఆమె చేతిలో ఉంది, పెట్టడానికి ఎదురుగా తల లేదు.

అక్కడితో జీపు తిప్పుకుని వచ్చేసినా సరిపోయేది. అల్లుడు నా చేతిలోంచి మైకు లాక్కున్నాడు. "భయపడవద్దు, బయటికి రండి, మిమ్మల్ని ఏమీ చేయం" అని మొదలుపెట్టాడు. ఆ మాట వినడమే ఆలస్యం, చెరుకు గడల కదలిక ఇంకా లోపలికి, ఇంకా లోపలికి పోయింది. ఆయన గొంతు పెంచుతున్నకొద్దీ మా గిరాకీలు రుద్రూర్ పొలిమేరలకు దగ్గరవుతున్నారు.

పెండ్లికూతురి నాయనమ్మ కర్ర పట్టుకుని జీపు దగ్గరికి వచ్చింది. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"పిలగానికి ఇంకా పెండ్లే కాలే గద సారూ, గప్పుడే మీకేం తొందరొచ్చె?" అన్నది.

అల్లుడికి అప్పుడు కూడా అర్థం కాలేదు. మేము బట్టల దుకాణంవాళ్లమని నేను కిందికి దిగి ఆమెకు చెప్పుకున్నాను. ఆమె బోర్డు వైపు చూసింది, నా వైపు చూసింది, నేలమీద ఉమ్మింది. ఇటు ముహూర్తం దాటిపోతున్నది. ఆడవాళ్లు ఏడుపు మొదలుపెట్టారు. అప్పుడు పెండ్లికూతురే లేచింది. ఎవరినీ అడగకుండా, తమలపాకు జారకుండా పట్టుకుని, చెరుకు తోట గట్టు మీదికి పోయి నిలబడింది.

"నువ్వు బయటికొస్తవా, నన్ను లోపటికి రమ్మంటవా?" అని కేకేసింది.

కాసేపటికి చెరుకు ఆకులు కదిలాయి. ముందు బాసింగం, దాని వెనక పిల్లగాడు బయటికి వచ్చారు. ఆమె అక్కడే, గట్టు మీదనే, అతని తలమీద జీలకర్ర బెల్లం పెట్టింది. అయ్యగారు తోటలోంచే మంత్రం చదివాడు. ఆ ఎండాకాలం అంతటిలో బుర్ర పెట్టి చేసిన పని ఒక్కటంటే ఒక్కటి చూశాను, అది ఆ పిల్ల చేసింది.

మేము నిజామాబాద్ చేరకముందే కథ చేరింది. మా దుకాణానికి ఆపరేషన్ దుకాణం అని పేరు పడింది. బోధన్ వైపు బండ్లు మా ముందు నుంచే పోయి ఎదుటి దుకాణం దగ్గర ఆగేవి. సేటు పిలిచి అడిగితే, దుకాణం పేరు ఇంత తక్కువ కాలంలో ఇన్ని ఊళ్లకు ఎన్నడైనా పోయిందా అని అల్లుడు ఎదురు అడిగాడు. మాట నిజమే. సేటు తల పట్టుకున్నాడు. అల్లుణ్ని ఏమీ అనలేడు, ఎవరినో ఒకరిని అనాలి. ఎదురుగా నేనున్నాను.

నా గొంతులో సర్కారు ఉన్నదట. మైకులో నా గొంతు విని జనం బెదిరారట. రేపటి నుంచి రావద్దన్నాడు. నేను మెట్ల దాకా పోయాక వెనక్కి పిలిచాడు. మనసు మారిందేమోనని ఆశగా తిరిగి వచ్చాను.

"మీదున్న కుర్సీ కిందికి పట్టుకరా," అన్నాడు.

పట్టుకొచ్చి గల్లాపెట్టె పక్కన వేశాను. అల్లుడుగారికి కింద కూర్చుంటే నడుము నొప్పి అట. ఆయన దాని మీద కూర్చుని, నా ముందే, పెయింటరుకు కొత్త ప్లాను చెప్తున్నాడు. ఆ బొమ్మలో ఇంకో ముగ్గురు పిల్లల్ని వెయ్యి, అప్పుడు ఎవరూ పొరబడరు అని. పెయింటరు వేశాడు కూడా. చాలా రోజులు ఆ బోర్డు దుకాణం ముందు వేలాడింది. అయిదుగురు పిల్లల మధ్య తల్లి అదే నవ్వు నవ్వుతుండేది.

ఇంటికి పోయి అవ్వకు చెప్పాను. ఏడుపు రాకుండా చెప్పాలనుకున్నాను, వచ్చింది. ఆమె చాట పక్కన పెట్టి విన్నది. మర్నాడు పొద్దున వాకిట్లో బీడీలు చుట్టే ఆడవాళ్లు, నీ కొడుకు ఇంట్లనే ఉన్నడేందని ఆమెను అడగడం లోపలి నుంచి విన్నాను.

"కుర్సీ కాలు ఇరిగిందట. బాగు చేయించి పిలుస్తమన్నరు," అని చెప్పింది అవ్వ.

నేను తర్వాత వేరే ఉద్యోగం చేశాను, వేరే కుర్చీల్లో కూర్చున్నాను. అయినా ఆ దుకాణం కుర్చీ సంగతి వాడకట్టువాళ్లు ఎప్పుడు అడిగినా అవ్వ అదే చెప్పేది, ఇంకా బాగు చేస్తున్నరట అని.